క్లాసులో వేరేవాళ్ళ రచనలు వాడుకోవడం ఎలా: యూనివర్సిటీ టీచర్లకు కాపీరైట్ గైడ్

సెమిస్టర్ మొదలవుతుంది. సిలబస్‌లో చెప్పిన పుస్తకం లైబ్రరీలో రెండే కాపీలు, క్లాసులో అరవై మంది. మీరు చేసేది అందరూ చేసేదే: కావలసిన అధ్యాయం జిరాక్స్ తీయిస్తారు, లేకపోతే ఫోన్‌తో స్కాన్ చేసి వాట్సాప్ గ్రూపులో పడేస్తారు. ఇది తప్పా? చాలావరకు కాదు. కానీ ఎంతవరకు కాదో తెలియకపోవడం వల్ల మన కాలేజీల్లో రెండు రకాల మనుషులు తయారయ్యారు. చదువు కోసమే కదా, ఏం చేసినా చెల్లుతుంది అనుకునేవాళ్ళు కొందరు. స్లైడ్‌లో ఒక బొమ్మ పెట్టడానికి కూడా భయపడి పాఠమంతా అక్షరాలతో నింపేసేవాళ్ళు ఇంకొందరు.

కాపీరైట్ చట్టం, 1957 టీచర్లకి ఇచ్చిన వెసులుబాటు మనం అనుకునేదానికంటే చాలా ఎక్కువ. అయితే అది మీ కోర్సులో చేరిన విద్యార్థుల వరకే. అదే కాగితం, అదే వీడియో వాళ్ళని దాటి బయటి జనంలోకి వెళ్ళిందంటే లెక్క మారిపోతుంది. కాబట్టి కింద చెప్పే ప్రతి అడుగులోనూ ఒకటి అడుగుతూ ఉండండి: ఇది ఎవరి చేతికి వెళ్తోంది, ఎందుకు వెళ్తోంది? ఇదంతా భారతదేశంలో పాఠం చెప్పేవాళ్ళ కోసం రాస్తున్నాను. విదేశీ పుస్తకాలకి ఇక్కడ రక్షణ ఉండదని మాత్రం అనుకోకండి, ఒక దేశపు రచనలకి ఇంకో దేశంలోనూ కాపీరైట్ రక్షణ ఇచ్చే బెర్న్ ఒప్పందంలో మన దేశం 1928 నుంచి ఉంది, లండన్‌లో అచ్చయిన పుస్తకానికీ ఇక్కడి చట్టం వర్తిస్తుంది.

1. అసలు అనుమతే అక్కర్లేనివాటిని ముందు పక్కకు తీయండి

చేతిలో ఉన్న సామగ్రిని ఒకసారి ఇలా జల్లెడ పడితే సగం టెన్షన్ ఇక్కడే పోతుంది.

ఆలోచనకి, సమాచారానికి కాపీరైట్ లేదు, దాన్ని చెప్పిన తీరుకే ఉంది. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టంగా చెప్పింది. ఒక సిద్ధాంతాన్ని మీ మాటల్లో వివరించడానికి, ఒక పేపర్లోని అంకెలు తీసుకుని మీరే గ్రాఫ్ గీసుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. అదే పేపర్లో ఎవరో కష్టపడి గీసిన బొమ్మని గీతకి గీత దించితే అది కాపీయే, చేత్తో గీశారు కదా అన్న వాదన నిలబడదు.

తర్వాత కాలపరిమితి. రచయిత బతికున్నంతకాలం, చనిపోయిన ఏడాది తర్వాత వచ్చే జనవరి నుంచి లెక్కేసి ఇంకో 60 ఏళ్ళు. సినిమాలకీ సౌండ్ రికార్డింగులకీ విడుదలైన ఏడాది తర్వాతి నుంచి 60. ఒకప్పుడు రచయితలకి 50 ఏళ్ళే ఉండేది. 1941లో పోయిన ఠాగూర్ రచనల మీద హక్కులు తీరిపోయే సమయానికి దాన్ని 60 చేశారు, ఆ సవరణ 1992 నాటిది. కాబట్టి 1915లో పోయిన గురజాడ రచనలు ఎవరైనా వాడుకోవచ్చు. 1983లో పోయిన శ్రీశ్రీవి 2043 చివరిదాకా హక్కుల్లోనే ఉంటాయి. 1965లో కన్నుమూసిన రచయితల రచనలు 2026 జనవరి 1 నుంచి అందరివీ.

ఇక్కడ గోతులు కూడా ఉన్నాయి. రచన పాతదైనా దానికి ఇప్పటి సంపాదకుడు రాసిన ముందుమాట, పేజీ అడుగున ఇచ్చిన వివరణలు, ప్రతిపదార్థాలు కొత్తవే, వాటికి వేరే హక్కులుంటాయి. అనువాదానికీ అంతే. రెండు వేల ఏళ్ళ నాటి సంస్కృత కావ్యం ఎవరిదీ కాదు, పదేళ్ళ కిందటి ఇంగ్లీషు అనువాదం మాత్రం ఆ అనువాదకుడిది. రచయిత పోయాక మొదటిసారి అచ్చయిన రచన అయితే 60 ఏళ్ళు అచ్చయిన తేదీ మీద లెక్కేస్తారు. అమెరికా వెబ్‌సైట్లో ఫ్రీగా దొరికిందంటే ఇక్కడా ఫ్రీ అనుకోవద్దు: 1970లో పోయిన ఇంగ్లండ్ రచయిత 1925లో వేసిన పుస్తకం అమెరికాలో హక్కుల నుంచి ఎప్పుడో బయటపడింది, మన దగ్గర 2030 చివరిదాకా ఆగాలి.

కోర్టు తీర్పులు వాడుకోవచ్చు, కోర్టు నిషేధిస్తే తప్ప. లా పాఠాలు చెప్పేవాళ్ళు మాత్రం ఒకటి గమనించాలి, తీర్పు పాఠం వేరు, తీర్పులు అచ్చేసే రిపోర్టర్ పుస్తకంలో ప్రచురణకర్తలు రాసుకున్న హెడ్‌నోట్లు (తీర్పు సారాంశాలు), వాళ్ళ సంపాదకీయ చేర్పులు వేరు. ఈస్టర్న్ బుక్ కంపెనీ, డి.బి. మోదక్ కేసులో సుప్రీంకోర్టు గీసిన గీత అదే. ఇక ప్రభుత్వం వేసింది కాబట్టి ఎవరైనా వాడుకోవచ్చు అన్న నమ్మకం మన దగ్గర చాలా గట్టిగా ఉంది, అది తప్పు. ప్రభుత్వ ప్రచురణలకీ 60 ఏళ్ళ కాపీరైట్ ఉంది. చట్టసభ ముందు పెట్టిన కమిటీ నివేదికల్లాంటి కొన్నింటికే మినహాయింపు.

ఇంకో మాట. పుస్తకం మీద సీ గుర్తు (©) లేకపోయినా, ఎక్కడా రిజిస్టర్ చేయకపోయినా కాపీరైట్ ఉంటుంది. రాసిన క్షణం నుంచే ఉంటుంది.

2. కాపీ తీసే ముందు లింకుతో పనవుతుందేమో చూడండి

లింకు ఇవ్వడం అన్నిటికన్నా తేలిక, మనం చేయనిది కూడా అదే. మీది కేంద్ర ప్రభుత్వ సంస్థో రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీనో అయితే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ (కేంద్రమే చందా కట్టి రీసెర్చ్ జర్నళ్ళు చదవనిచ్చే పథకం) సంగతి మీ లైబ్రేరియన్‌ని ఈ వారమే అడగండి. 2024 నవంబర్‌లో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకున్న పథకం, మూడేళ్ళకి 6,000 కోట్లు, 30 మంది పెద్ద ప్రచురణకర్తలు, దాదాపు 13,000 జర్నళ్ళు, యూనివర్సిటీ లైబ్రరీలని కలిపే ఇన్‌ఫ్లిబ్‌నెట్ ద్వారా నడుస్తోంది. డబ్బు కట్టేసిన పేపర్‌ని కూడా ఎక్కడో దొంగ సైటులో వెతికి దించుకుని పిల్లలకి పంపేవాళ్ళు ఉన్నారు! పేపర్ డీఓఐ (ఒక్కో పేపర్‌కి ఉండే శాశ్వత గుర్తింపు నంబరు) లింకు ఇస్తే చాలు, విద్యార్థి తన లాగిన్‌తో తనే తెరుచుకుంటాడు. మొదటి విడతలో ప్రైవేటు కాలేజీలు లేవు, వాళ్ళు సొంత సబ్‌స్క్రిప్షన్లు చూసుకోవాలి. కొన్ని ఒప్పందాల్లో కోర్స్ ప్యాక్‌లో (కోర్సుకి కావలసిన అధ్యాయాలన్నీ కలిపి కుట్టిన కట్టలో) పెట్టుకోవచ్చని ముందే రాసి ఉంటుంది, లైబ్రేరియన్‌కి తెలుస్తుంది.

ఓపెన్ లైసెన్సు ఉన్న సామగ్రి, అంటే కొన్ని షరతులతో ఎవరైనా వాడుకోవచ్చని హక్కుదారే ముందుగా ఒప్పుకున్నది, ఇంకా మేలు. క్రియేటివ్ కామన్స్ గుర్తులు నాలుగు తెలిస్తే సరిపోతుంది. బీవై అంటే పేరు చెప్పాలి. ఎస్ఏ అంటే మీరు మార్చి చేసినదాన్ని కూడా అదే లైసెన్సుతో ఇవ్వాలి. ఎన్‌సీ అంటే వ్యాపారానికి కాదు. ఎన్‌డీ అంటే మార్చినదాన్ని పంచకూడదు. ఈ చివరిదే టీచర్లని ఇబ్బంది పెట్టేది, ఎందుకంటే తెలుగులోకి అనువదించడం కూడా మార్చడమే. ఫీజు తీసుకునే కాలేజీలో పాఠం చెబుతున్నాం కాబట్టి ఎన్‌సీ సామగ్రి వాడకూడదేమో అని కొందరు అడుగుతారు. ఆ లైసెన్సు చూసేది సంస్థని కాదు, ఆ వాడకం ప్రధానంగా డబ్బు లాభం కోసమా అన్నదాన్నే. ఓపెన్‌స్టాక్స్ పాఠ్యపుస్తకాలు, ఎంఐటీ ఓపెన్ కోర్స్‌వేర్, వికీమీడియా కామన్స్ బొమ్మలు ఇలా దొరుకుతాయి. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీలో కూడా వెతకండి, కాకపోతే అక్కడ కనిపించిన ప్రతిదీ ఓపెన్ కాదు, ఒక్కోదానికి ఒక్కో షరతు ఉంటుంది.

3. టీచర్ మినహాయింపుని సరిగ్గా వాడుకోండి

అసలు విషయం ఇక్కడుంది, కాస్త నిదానంగా చదవండి. సెక్షన్ 52(1)(ఐ) చెప్పేది ఇంతే: బోధనలో భాగంగా టీచర్ గానీ విద్యార్థి గానీ ఏ రచననైనా కాపీ చేస్తే ఉల్లంఘన కాదు, పరీక్ష ప్రశ్నల్లో పెట్టినా, జవాబుల్లో రాసినా కాదు. ఎన్ని పేజీలు అని లేదు. ఎంత శాతం అని లేదు.

దీని అర్థం ఏమిటన్నది తేలింది ఢిల్లీలో. 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థలు ఢిల్లీ యూనివర్సిటీ మీద, ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ఉన్న రామేశ్వరి ఫొటోకాపీ అనే జిరాక్స్ షాపు మీద దావా వేశాయి. టీచర్లు సిలబస్ ప్రకారం వేర్వేరు పుస్తకాల్లో అధ్యాయాలు చెబితే షాపువాళ్ళు వాటిని కోర్స్ ప్యాక్‌లుగా కుట్టి విద్యార్థులకి ఇచ్చేవాళ్ళు. 2016 సెప్టెంబర్‌లో సింగిల్ జడ్జి దావా కొట్టేశారు. డిసెంబర్‌లో డివిజన్ బెంచ్ చట్టం మీద టీచర్లకి అనుకూలంగానే చెప్పి, కొన్ని వాస్తవాలు మాత్రం విచారించమని కేసు వెనక్కి పంపింది. 2017 మార్చిలో ప్రచురణకర్తలే దావా వెనక్కి తీసుకున్నారు. ఆ మేలో ఇంకో సంస్థ సుప్రీంకోర్టు మెట్లెక్కితే అక్కడా కొట్టేశారు.

ఈ తీర్పు నుంచి మీ పనికొచ్చేవి చూద్దాం. బోధన అంటే క్లాసులో నిలబడి చెప్పే గంట ఒక్కటే కాదు, ముందు తయారు చేసుకునేది, ముందుగా చదువుకు రమ్మని ఇచ్చేది, అన్నీ అందులోవే. టీచర్ అంటే ఒక్కరు, విద్యార్థి అంటే ఒక్కరు అన్న ఏకవచనం లెక్క పనికిరాదు. కాపీ తీసింది టీచర్ కాక షాపువాడు అయినంత మాత్రాన తప్పు అయిపోదు. ఎంత కాపీ చేయొచ్చు అన్నదానికి కొలత ఆ పాఠం అవసరమే. మీ పాఠానికి ఆ భాగం కావాలా, ఆ మేరకు కావాలా? అయితే సరే.

ఒక పుస్తకం మొత్తం జిరాక్స్ తీసి ఇవ్వొచ్చా అన్న ప్రశ్నని మాత్రం కోర్టు విచారణకి వదిలేసింది, దావా వెనక్కి పోవడంతో అది తేలలేదు. నన్నడిగితే, బజారులో మామూలుగా దొరికే పాఠ్యపుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా కాపీ తీసి పంచడం ఈ మినహాయింపు కిందికి వస్తుందని ధైర్యంగా వాదించడం కష్టం. ఎక్కడా దొరకని పుస్తకం అయితే అవసరం గట్టిగా కనిపిస్తుంది. ఇంకో దారి కూడా ఉంది: దేశంలో అమ్మకానికి దొరకని పుస్తకాన్ని లాభాపేక్ష లేని పబ్లిక్ లైబ్రరీ తన వాడకానికి మూడు కాపీల దాకా తీసి పెట్టుకోవచ్చు, అది సెక్షన్ 52(1)(ఓ). మీ లైబ్రరీ ఆ కోవలోకి వస్తుందో లేదో లైబ్రేరియన్‌తో మాట్లాడి చూడండి.

పది శాతం వరకు ఫర్వాలేదు అన్న మాట మీరు వినే ఉంటారు. కాపీరైట్ చట్టంలో అలాంటిది లేదు. 2018లో యూజీసీ తెచ్చిన ప్లేజియరిజం నిబంధనల్లో పది శాతం పోలిక దాకా శిక్ష లేదని ఉంది, అది ఇక్కడికి పాకింది. రెండూ వేరు. పేరు చెప్పకుండా వాడితే ప్లేజియరిజం, హక్కు లేకుండా వాడితే కాపీరైట్ ఉల్లంఘన. పేరు చెప్పినంత మాత్రాన అనుమతి వచ్చినట్టు కాదు, అనుమతి ఉన్నా పేరు ఎగ్గొడితే సెక్షన్ 57 కింద రచయిత నిలదీయొచ్చు.

కోర్స్ ప్యాక్ తయారు చేసేటప్పుడు ఇలా చేయండి. ముందు సిలబస్ యూనిట్లు రాసుకుని ఒక్కో యూనిట్‌కి ఏ పేజీలు కావాలో పక్కన వేయండి, యూనిట్‌తో సంబంధం లేని పేజీ ఉంటే తీసేయండి. ప్రతి భాగం మొదటి పేజీ మీద పుస్తకం పేరు, రచయిత, ప్రచురణకర్త, సంవత్సరం, పేజీ నంబర్లు రాయండి. కోర్సు పేరు, సెమిస్టర్ అట్ట మీద ఉండాలి. ఎన్ని కాపీలు తీశారో ఒక చోట రాసిపెట్టుకోండి. షాపులో ఇస్తే కాపీ ఖర్చు మాత్రమే తీసుకోవాలని, మీ విద్యార్థులకే ఇవ్వాలని ముందే చెప్పండి. దారిన పోయేవాళ్ళకి పుస్తకంలా అమ్మడం మొదలెడితే అది బోధన కాదు, ప్రచురణ, అప్పుడు మిమ్మల్ని కాపాడే సెక్షన్ ఏదీ లేదు. ప్యాక్‌లో సగం పైగా ఒకే పుస్తకంలోంచి వచ్చిందంటే ఆ పుస్తకాన్నే కొనమనాలేమో ఆలోచించండి.

4. ఆన్‌లైన్‌లో పెట్టేటప్పుడు తలుపు వేసి ఉందో లేదో చూడండి

చట్టం కాగితానికి ఒకటి, పీడీఎఫ్‌కి ఒకటి అని తేడా పెట్టలేదు. ఢిల్లీ కేసు కాగితం జిరాక్స్ గురించే అన్నది మాత్రం గుర్తుంచుకోండి, ఆన్‌లైన్ మీద అంత వివరమైన తీర్పు వచ్చేదాకా జాగ్రత్తగా ఉండటం మంచిది. జాగ్రత్త అంటే పెద్దగా ఏం లేదు. మూడుల్, గూగుల్ క్లాస్‌రూమ్ లాంటి లాగిన్ ఉన్న చోట, ఆ కోర్సులో పేరున్న విద్యార్థులకి మాత్రమే కనిపించేలా పెట్టండి, సెమిస్టర్ అయిపోగానే ఆపేయండి. డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్లో అందరికీ తెరిచి పెట్టిన పీడీఎఫ్ గూగుల్‌కి దొరుకుతుంది, గూగుల్‌కి దొరికిందంటే ప్రచురణకర్తకీ దొరుకుతుంది.

డ్రైవ్ లింకుల్లో లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చు అన్న సెట్టింగ్ అలాగే వదిలేసే అలవాటు చాలామందికి ఉంది. మార్చండి. వాట్సాప్ గ్రూపు మీ క్లాసుదే అయితే పెద్ద ఇబ్బంది లేదు, కానీ ఫైలు అక్కడి నుంచి వేల మంది ఉన్న టెలిగ్రామ్ చానల్‌కి వెళ్ళడానికి ఒక్క నొక్కు చాలు, అందుకే ఫైలు పంపేకన్నా ఎల్ఎంఎస్ (మూడుల్ లాంటి లాగిన్ ఉన్న చోటు) లింకు పంపడం మేలు.

దొంగ సైటు నుంచి దించిన ఫైలు సంగతి అడక్కుండానే చెబుతాను. సై-హబ్, లిబ్‌జెన్‌ల మీద మూడు పెద్ద ప్రచురణ సంస్థలు 2020లో ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళాయి. మీ పాఠానికి మినహాయింపు ఉండొచ్చు, కానీ మీరు చేతికి తీసుకున్న కాపీయే అక్రమమైతే మీ వాదన మొదటి మెట్టు మీదే జారుతుంది. తెలిసి చేసిన ఉల్లంఘనకి సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ళ జైలు, 50,000 నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉంది. ఈ నేరంలో పోలీసులు కోర్టు వారంటు లేకుండానే అరెస్టు చేయొచ్చని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. క్లాసుకి పది పేజీలు ఇచ్చిన టీచర్‌ని పట్టుకుపోతారని భయపెట్టడానికి చెప్పడం లేదు, చానల్ పెట్టి పుస్తకాలు పంచేవాళ్ళ కోసం చెబుతున్నాను.

5. స్లైడ్లు, రికార్డింగులు

క్లాసులో చూపించే స్లైడ్‌లో ఎవరి ఫొటో, ఎవరి పటం పెట్టినా పాఠానికి అవసరమైతే మినహాయింపు కిందే వస్తుంది. అలంకారానికి పెట్టిన బొమ్మకి ఆ వాదన పలచగా ఉంటుంది, అలాంటివాటికి ఓపెన్ లైసెన్సు బొమ్మలు వాడండి. గూగుల్ ఇమేజెస్‌లో లైసెన్సుని బట్టి వడకట్టే వీలుంది. అలా దొరికినదాన్ని కూడా అసలు పేజీకి వెళ్ళి సరిచూడండి, గూగుల్ అని ఎవరి పేరూ రాయకండి, గూగుల్ బొమ్మలు గీయదు.

చిక్కంతా అదే స్లైడ్లతో పాఠం రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టినప్పుడు వస్తుంది. క్లాసులో అరవై మందికి చూపించింది ఇప్పుడు లోకమంతా చూస్తోంది, పైగా ప్రకటనల డబ్బు వస్తుంటే బోధన అన్న మాట ఇంకా బలహీనపడుతుంది. పబ్లిక్‌గా పెట్టాలనుకుంటే స్లైడ్ల రెండో సెట్ చేసుకోండి. ఇతరుల బొమ్మలు తీసేసి ఓపెన్‌వి పెట్టండి లేదా మీరే గీయండి. ఏదైనా కవితనో బొమ్మనో నిజంగా విశ్లేషిస్తున్నట్టయితే విమర్శ, సమీక్ష కోసం సెక్షన్ 52(1)(ఏ) కింద కొంత భాగం ఉంచుకోవచ్చు. అప్పుడు విమర్శ ఎక్కువ ఉండాలి, తీసుకున్న భాగం తక్కువ ఉండాలి. వీడియో కింద విద్యా ప్రయోజనాల కోసం మాత్రమే అని ఒక లైను రాసేస్తే రక్షణ వచ్చేస్తుందని చాలామంది నమ్మకం. రాదు.

మీ నోట్సు మీదేనా అన్నది కూడా ఈ సందర్భంలోనే చూసుకోండి. ఉద్యోగంలో భాగంగా చేసిన రచనకి వేరే ఒప్పందం లేకపోతే మొదటి హక్కుదారు యజమాని అని సెక్షన్ 17 అంటుంది, యూనివర్సిటీ ఐపీ (మేధో సంపత్తి) పాలసీ ఏమంటుందో చదవండి. అంతకన్నా విచిత్రం, మీ సొంత జర్నల్ పేపర్. అచ్చు కోసం హక్కులు రాసిచ్చేసి ఉంటే మీ పేపర్ని మీ వెబ్‌సైట్లో పెట్టుకోవడానికి కూడా అనుమతి కావాలి. క్లాసులో పంచడానికి అక్కర్లేదు.

6. సినిమాలు, పాటలు, నాటకాలు

విద్యాసంస్థ కార్యక్రమాల్లో భాగంగా సినిమా వేయొచ్చు, రికార్డు వినిపించొచ్చు, సిబ్బందీ విద్యార్థులూ నాటకం ఆడొచ్చు. సినిమాకీ రికార్డుకీ షరతు ఏమిటంటే ప్రేక్షకులు సిబ్బంది, విద్యార్థులు, వాళ్ళ తల్లిదండ్రులు, ఆ సంస్థ పనులతో సంబంధం ఉన్నవాళ్ళే అయ్యుండాలి. ఇది సెక్షన్ 52(1)(జె). టికెట్ పెట్టి ఊరందరినీ పిలిచిన ఫెస్ట్ ఇందులోకి రాదు, అక్కడ పాటలు వాయిస్తే పాటల, రికార్డుల హక్కులు చూసే ఐపీఆర్ఎస్, పీపీఎల్ లాంటి సంస్థల దగ్గర లైసెన్సు తీసుకోవాల్సి ఉంటుంది. ఓటీటీ సొంత అకౌంట్‌తో క్లాసులో సినిమా వేస్తే కాపీరైట్ కంటే ముందు ఆ కంపెనీతో మీరు ఒప్పుకున్న షరతులు అడ్డొస్తాయి, సాధారణంగా అవి వ్యక్తిగత వాడకానికే. లైబ్రరీ డీవీడీ ఉంటే అది వాడండి. యూట్యూబ్ వీడియో అయితే దించకుండా అక్కడి నుంచే చూపించండి, అది కూడా అసలు హక్కుదారు పెట్టిన చానల్ నుంచి.

7. తెలుగులోకి మార్చి ఇవ్వాలంటే

తెలుగు మీడియం పిల్లలకి ఇంగ్లీషు అధ్యాయాన్ని అనువదించి ఇచ్చే టీచర్లు ఉన్నారు, వాళ్ళకి దండం పెట్టాలి. కానీ చట్టంలో కాపీ చేసే హక్కు, అనువదించే హక్కు విడివిడిగా ఉన్నాయి, టీచర్ మినహాయింపు మాట్లాడేది కాపీ గురించి. కాబట్టి వాక్యం వాక్యం అనువదించకుండా అధ్యాయం చదివి, విషయం అర్థం చేసుకుని, మీ క్రమంలో మీ మాటల్లో తెలుగు నోట్సు రాయండి. నిర్వచనాలు, కీలకమైన రెండు మూడు వాక్యాలు మాత్రం మూలం చెప్పి అనువదించి పెట్టుకోండి. పిల్లలకి అలా రాసిన నోట్సే బాగా ఎక్కుతుంది కూడా. పూర్తి అనువాదాన్ని పుస్తకంగా వేయాలంటే అనుమతి తప్పదు. విదేశీ పుస్తకాల్ని బోధన కోసం అనువదించడానికి బలవంతపు లైసెన్సు (హక్కుదారు ఒప్పుకోకపోయినా చట్టం ఇప్పించే అనుమతి) అడిగే దారి సెక్షన్ 32లో ఉంది, తెలుగు లాంటి భాషకైతే పుస్తకం వచ్చిన ఏడాదికే దరఖాస్తు చేయొచ్చు. ఒక టీచర్ ఒంటరిగా నడిచే దారి కాదది, యూనివర్సిటీ ప్రెస్సో అకాడమీనో పూనుకోవాలి.

చూపు లేనివాళ్ళ కోసం, ఇతర వైకల్యాలున్న విద్యార్థుల కోసం పుస్తకాన్ని ఆడియోగా, బ్రెయిలీగా, స్క్రీన్ రీడర్ చదవగలిగే ఫైలుగా మార్చడానికి మాత్రం ఎవరినీ అడగక్కర్లేదు. 2012 సవరణ ఆ దారి తెరిచింది. లాభం తీసుకోకూడదు, ఆ విద్యార్థులకే ఇవ్వాలి, అంతే. దీన్ని వాడుకోని కాలేజీలే ఎక్కువ.

8. అనుమతి అడగాల్సి వస్తే

పుస్తకం వేస్తున్నారు, పబ్లిక్ కోర్సు చేస్తున్నారు, థీసిస్‌లో ఎవరి బొమ్మనో పెడుతున్నారు అంటే అనుమతి అడగండి. థీసిస్ క్లాసు దాటి శోధ్‌గంగలో (మన యూనివర్సిటీల థీసిస్‌లు ఆన్‌లైన్‌లో ఉంచే చోట) అందరికీ కనిపిస్తుందన్నది రీసెర్చ్ స్కాలర్లకి మొదటి రోజే చెప్పాలి. జర్నల్ బొమ్మలకి చాలా ప్రచురణకర్తల పేజీలోనే అనుమతి అడిగే రైట్స్‌లింక్ బటన్ ఉంటుంది, థీసిస్‌కి చాలాసార్లు ఉచితంగానే అనుమతి వచ్చేస్తుంది.

ఉత్తరం రాసేటప్పుడు ముందు హక్కు ఎవరిదో చూడండి, రచయితే అనుకోవద్దు. తెలుగు పుస్తకాల్లో ఈ వెతుకులాట కాస్త ఎక్కువ, చిన్న ప్రచురణ సంస్థ మూతపడి ఉంటుంది, రచయిత వారసులు నలుగురు నాలుగు ఊళ్ళలో ఉంటారు, అందరి సంతకాలూ కావాలి. ఉత్తరంలో పుస్తకం ఏ ముద్రణ, ఏ పేజీలు, ఏ కోర్సుకి, ఎంతమందికి, కాగితమా ఆన్‌లైనా, ఎంతకాలం, డబ్బు తీసుకుంటున్నారా లేదా అన్నవి ఉండాలి. జవాబు రాతలో రావాలి, ఫోన్లో సరే అన్నారంటే అది మీకూ వాళ్ళకీ మధ్య మర్యాద మాత్రమే. జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టు కాదు. రెండు మూడు నెలల ముందే మొదలెట్టండి.

9. నోటీసు వస్తే

కంగారుపడి ఫైళ్ళన్నీ చెరిపేయకండి, అలాగని పట్టించుకోకుండా కూర్చోవద్దు. ఏ రచన గురించి, ఎక్కడ పెట్టినదాని గురించి అడుగుతున్నారో చదవండి. అది అందరికీ తెరిచి ఉన్న లింకైతే ముందు దాన్ని మూసేయండి, మూసినంత మాత్రాన తప్పు ఒప్పుకున్నట్టు కాదు. తర్వాత మీరు రాసిపెట్టుకున్న చిట్టా తీయండి, ఏ కోర్సు, ఏ యూనిట్, ఎన్ని పేజీలు, ఎంతమంది. దాన్ని రిజిస్ట్రార్‌కో లీగల్ సెల్‌కో ఇచ్చి జవాబు వాళ్ళ ద్వారా వెళ్ళేలా చూడండి, సొంతంగా ఈమెయిల్‌లో వాదనకి దిగకండి. మీ వీడియోని యూట్యూబ్ లాంటి ఏదైనా వేదిక తొలగిస్తే, రాతపూర్వక ఫిర్యాదు అందాక 36 గంటల్లో తీయాలని, 21 రోజుల్లో ఫిర్యాదుదారు కోర్టు ఉత్తర్వు తేకపోతే తిరిగి పెట్టొచ్చని మన చట్టం, 2013 నియమాలు అంటాయి. కాబట్టి ఆ తేదీ క్యాలెండర్లో వేసుకోండి, ఇరవై రెండో రోజున మీ వీడియో వెనక్కి కావాలని ఆ వేదికకి రాయండి.